ఇంగ్లీషు వదిలేసిన ఇల్లు

మా అత్తయ్యకు ఈ ప్రపంచంలో తెలుగు కాక ఇంకో భాష ఉందన్న నమ్మకం పెద్దగా ఉండేది కాదు. ఉన్నా అది తన పనికి అడ్డం రాదని ఆవిడ ధీమా. పోస్టాఫీసుకు తీసుకెళ్తే కౌంటర్ వెనకున్న తెల్లమ్మాయిని, "ఏమ్మా, ఈ కవరు ఇండియా పోయేతలికి ఎన్నాళ్ళు పడుద్ది?" అని అడిగేసేది. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పేది. అత్తయ్య తలాడించేది. ఇద్దరూ నవ్వుకునేవారు. వెనక నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇంటికొచ్చాక, "మీకేం అర్థమైంది అత్తయ్యా?" అని ఉడికిస్తే, "అర్థం కాకపోటానికి ఏవుంది, మంచి పిల్ల" అనేసి చీపురు అందుకునేది.

నాకసలే ముక్కు మీద కోపం. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది ఇంకాస్త పెరిగింది. సిడ్నీలో స్థిరపడదామని వచ్చినవాళ్ళం, వీసా నిబంధన ప్రకారం కొన్నేళ్ళు బస్తీలకు దూరంగా పనిచేయాలంటే ఆ మూలకు వెళ్ళాల్సి వచ్చింది. పళ్ళరసాల ఫ్యాక్టరీలో అకౌంట్స్ ఉద్యోగం నాది. మా ఆయన ఇంట్లోంచే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసుకునేవారు. మా అమ్మాయి అప్పటికి చిన్న బడిలో ఉంది. అత్తయ్య మాతోనే ఉండిపోయింది.

ఊరంటే ఒకటే వీధి. చివర ధాన్యం నిలవచేసే పెద్ద కాంక్రీటు గాదెలు, రైళ్ళు ఆగడం మానేసిన స్టేషను, చుట్టూ నారింజ తోటలు, వాటి మధ్య కాలవ. ముందు ఐరిష్ వాళ్ళు వచ్చి రైలు పట్టాలు వేశారు, గోధుమ పండించారు, మిట్ట మీద రాతి చర్చి కట్టుకున్నారు. తర్వాత ఇటాలియన్లు వచ్చి కాలవ నీళ్ళ కింద తోటలు వేశారు, పల్లంలో ఓ క్లబ్బు కట్టుకున్నారు. ఆ తర్వాత, చాలా ఏళ్ళ తర్వాత, సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో కొన్న సోనామసూరి బస్తాలు డిక్కీలో వేసుకుని మేమొచ్చాం. మొదటి రెండు తెగలూ ఒకే దేవుణ్ణి కొలిచేవే అయినా, ఐరిష్ వాళ్ళు ముందు బల్లల మీద, ఇటాలియన్లు వెనక గోడవారన ఉండేవారట. ఇప్పుడు ఎవరు ఎక్కడైనా కూర్చుంటారు గానీ, పెద్దవాళ్ళు మాత్రం ఇంకా అలవాటు కొద్దీ వాళ్ళ వాళ్ళ చోట్లలోనే కూర్చునేవారు.

మా పక్కింటి ముసలి దంపతుల్లో ఆయన ఐరిష్, ఆవిడ ఇటాలియన్. మనవాళ్ళ పద్ధతిలో నేను అంకుల్, ఆంటీ అని పిలిచేదాన్ని. అంకుల్ పద్దెనిమిదేళ్ళప్పుడు అన్నతో కలిసి ఓడెక్కి వచ్చి, రైలు పట్టాలు బాగుచేసే పనిలో చేరి, అందులోనే రిటైరయ్యాడు. ఆంటీ చిన్నపిల్లగా తండ్రి వెంట తోటల్లోకి వచ్చింది. ఇద్దరికీ ఒక్కతే కూతురు, సిడ్నీలో ఉద్యోగం.

ఆ ఇంటితో మాకు బంధుత్వం కలిపింది సొరకాయ. వచ్చిన కొత్తలో ఒకనాడు అత్తయ్య పెరట్లో బట్టలారేస్తూ పెద్ద కేక పెట్టింది. ఏ పామో కనబడిందనుకుని పరుగెత్తాను. చూస్తే పక్కింటి పందిరి మీద నుంచి మా కంచె ఇవతలికి బారెడు సొరకాయ ఒకటి వేలాడుతోంది. ఆ దేశంలో సొరకాయ కనిపించడమే అబ్బురం అనుకుంటుంటే, అవతల ఆంటీ కత్తెర పట్టుకుని, లేత తీగలూ ఆకులూ కూరకు కోసుకుంటోంది. వాళ్ళ ప్రాంతంలో కాయతో పాటు చిగుళ్ళు కూడా వండుకుంటారట. అత్తయ్యకు ఇక పరిచయం అక్కర్లేకపోయింది. "వదినా, ఆ చిగుళ్ళు పప్పులో వేస్తావా, వేపుడా?" అని అడిగింది. ఆంటీ ఇంగ్లీషులో ఏదో చెప్పి కాయ కోసి కంచె మీదుగా అందించింది. ఆనాటి నుంచి ఆవిడ అత్తయ్యకు వదిన, అంకుల్ అన్నయ్యగారు.

వాళ్ళ పెరట్లో ఒక అంజూరపు చెట్టుండేది. వేసవిలో కాయ పండటం మొదలుపెట్టగానే పిట్టలు దండెత్తి వచ్చేవి. చెట్టు మీద వల కట్టమని ఆంటీ రోజూ సతాయించేది. అంకుల్ వరండాలో పేపరు చదువుకుంటూ "రేపు" అనేవాడు. మర్నాడు అడిగినా రేపే. సగం పళ్ళు పిట్టల పాలయ్యాక, ఆంటీ తిట్లు మా వంటింట్లోకి వినిపించాక, అప్పుడు నిచ్చెన వేసేవాడు. మేమున్న మొదటి రెండు వేసవులూ ఇదే తంతు. మా ఇంట్లో ఏదైనా పని ఆలస్యమైతే మా ఆయన కూడా, "పక్కింటి వలలా చేయకు" అనేవారు.

మూడో ఏడు నుంచి ఆంటీకి మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీద గిన్నె మరిచిపోవడం, తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టడం. అది అందరికీ వచ్చేదే అనుకున్నాం. తర్వాత ఆవిడ మాటల్లో ఇంగ్లీషు పలచబడుతూ వచ్చింది. వాక్యం ఇంగ్లీషులో మొదలై మధ్యలో ఆగిపోయేది, ఆవిడ చేత్తో గాల్లో దేనికోసమో వెతుక్కునేది, తర్వాత వేరే భాషలో పూర్తయ్యేది. కొన్ని నెలలకు మొదలు కూడా ఇంగ్లీషులో ఉండటం మానేసింది. ఈ జబ్బులో తర్వాత నేర్చిన భాష ముందు పోతుందనీ, పసితనంలో నేర్చింది చివరిదాకా ఉంటుందనీ డాక్టరు అంకుల్‌కు చెప్పాడు. అంకుల్‌కు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు.

అన్నేళ్ళు కాపురం చేసినవాడికి పెళ్ళాం భాష రాకపోవడమేమిటని నాకు విడ్డూరం. ఒక ఆదివారం మా వంటింట్లో అల్లం టీ తాగుతూ ఆయనే చెప్పాడు. వాళ్ళ పెళ్ళి రెండు వైపులా ఎవరికీ ఇష్టం లేదు. చర్చిలో పక్కనున్న చిన్న పీఠం దగ్గర, జనం లేని వేళ చూసి చేశారు. అటు ఆంటీ తల్లి వీళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టలేదు, ఇటు అంకుల్ అన్న ఆ గుమ్మం తొక్కలేదు. అప్పుడు మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ కలిసి ఒక మాట అనుకున్నారు.

"నీదీ వద్దు, నాదీ వద్దు అనుకున్నాం. ఈ ఇంట్లో ఇంగ్లీషే. పుట్టే బిడ్డ ఈ ఊరి బిడ్డ కావాలి, వాళ్ళ మనిషీ వీళ్ళ మనిషీ కాకూడదు. ఆమెది ఇటాలియన్ అని అందరికీ తెలుసు. నాదీ ఇంగ్లీషు కాదని ఎవరికీ తెలియదు. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. సముద్రం ఒడ్డున మా పల్లెలో అందరిదీ ఐరిష్ భాషే. ఇక్కడికొచ్చాక అది మాట్లాడటానికి అన్న తప్ప ఇంకో మనిషి లేడు. పెళ్ళయ్యాక నోట్లోంచి పూర్తిగా తీసేశాను."

"నష్టం అనిపించలేదా అంకుల్?" అన్నాను.

"లేదు లవ్. గొప్పగా అనిపించింది. మాట మీద నిలబడ్డాం కదా." ఆడవాళ్ళందరినీ ఆయన లవ్ అనే పిలిచేవాడు.

మా అమ్మాయి అప్పుడు సోఫాలో పడుకుని బొమ్మలు చూస్తోంది. టీ కప్పులు తీయమ్మా అని తెలుగులో అన్నాను. "ఇన్ ఎ మినిట్, మమ్మీ" అంది. రోజూ వినే జవాబే, రోజూ చిరాకు పడి ఊరుకునేదాన్ని. ఆ రోజు మాత్రం చిరాకు రాలేదు, భయమేసింది.

ఆ చలికాలం ఆంటీకి ఒక అలవాటు పట్టుకుంది. ప్రతి సాయంత్రం, ఎండ వంగే వేళకు, స్వెటరు వేసుకుని, చేతిసంచి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. అంకుల్ వెనకాలే వచ్చేవాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి ఏదో చెప్పేది. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా, తల కొద్దిగా వంచి. ఆయన "అలాగే లవ్, అలాగే" అనేవాడు. ఆవిడ మళ్ళీ అదే చెప్పేది. చివరికి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంటే ఆవిడ గింజుకునేది. రోజూ అదే మాట అని వినేవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. ఆ మాటేమిటో ఎవరికీ తెలియదు.

ఆవిడ ఏమడుగుతోందో తెలుసుకోవాలని అంకుల్‌కు పట్టుదల పెరిగిపోయింది. "ఏదో కావాలంటోంది. ఏమిటో తెలిస్తే తెచ్చి ఇచ్చేయనా? జీవితంలో మొదటిసారి ఆమె అడిగింది అదే రోజు చేసేస్తాను" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఫోన్లో దుబాసీని పెట్టించాడు. ఆ అబ్బాయికి బళ్ళో నేర్పే ఇటాలియన్ వచ్చు. ఆంటీది దక్షిణాన ఎక్కడో కొండల్లో పల్లె మాట. అక్కడక్కడా ఒక పదం తప్ప పట్టుకోలేకపోయాడు. ఊళ్ళో ఇటాలియన్లంతా ఉత్తరం వైపు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకూ అంతే. చివరికి క్లబ్బులో ఒక పెద్దాయన వాళ్ళమ్మది ఆ వైపేనని తెలిసి, అంకుల్ ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాడు.

గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఆంటీ వేళకు గేటు దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే అంకుల్ వైపు తిరిగి చెప్పింది. పెద్దాయన రెండోసారి కూడా విన్నాడు. విని, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెప్పు" అన్నాడు అంకుల్.

"అంత ముఖ్యమైనదేం కాదు."

"చెప్పమంటున్నాను."

"అయ్యా, నన్ను చాలా దయగా చూశారు, అంటోంది. పొద్దుపోతోంది, మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఇంక నన్ను మా ఇంటికి పోనివ్వండి, అంటోంది."

అంకుల్ గేటు గడియ మీద చేయి అలాగే ఉంచి నిలబడిపోయాడు. ఆ ఇల్లు ఆయన తన చేతులతో కట్టుకున్నది. పట్టాల పని అయ్యాక సాయంత్రాలు ఒక్కో ఇటుకా పేర్చి, కట్టడానికి మూడేళ్ళు పట్టిందని మాకు చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు అదే ఇంటి ముందు నిలబడి ఆయన భార్య ఎవరో పరాయి పెద్దమనిషిని అడిగినట్టు సెలవు అడుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. గిన్నె అక్కడే మెట్టు మీద పెట్టి వచ్చేశాను.

తర్వాతి శనివారం కూతురు వచ్చింది. అంతకుముందే సిడ్నీలోనే పారమట్టా వైపు ఒక వృద్ధుల సంరక్షణ గృహం చూసి పెట్టింది. అక్కడ పనిచేసే వాళ్ళలో ఇటాలియన్ తెలిసినవాళ్ళున్నారట. మంచి పిల్ల, నెలకోసారైనా అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చేది. "అక్కడైతే అమ్మ మాట వినేవాళ్ళుంటారు, డాడ్" అంది. ఆయన్ను అక్కడ చేర్చుకోరు. ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు. చూడ్డానికి వెళ్ళొచ్చు. అంకుల్, "అంజూరాలు అయిపోయేదాకా ఉండనివ్వు. అప్పటికీ నన్ను వదిలి వెళ్ళాలనే అడుగుతుంటే, నేనే దించి వస్తాను" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన దగ్గర ఉండాలని ఆవిడ మనసుకు అనిపించాలి, దానికి గడువు ఒక్క వేసవి. ఆ మాట అడగడానికి ఇద్దరికీ తెలిసిన భాష మాత్రం లేదు.

ఆ రోజుల్లో ఆంటీ గేటు ధ్యాస లేకుండా ఉండేది ఒక్క చోటే, అత్తయ్య పక్కన. మధ్యాహ్నాలు అత్తయ్య కంచెలోని చిన్న తలుపు తీసుకుని వాళ్ళ వరండాలోకి వెళ్ళేది. ఇద్దరి మధ్య పళ్ళెం పెట్టుకుని చిక్కుళ్ళకు ఈనెలు తీసేవారు. అత్తయ్య తెలుగులో కోడలి కోపం గురించి చెప్పేది. ఆంటీ తన కొండ మాటలో ఏదో చెప్పేది. ఒకరి మాటకు ఒకరు "ఔనా", "అయ్యో" అన్నట్టు తలాడించేవారు. నా మీద చాడీలు కదా, ఆపమనడానికి వెళ్ళి నేనే గుమ్మంలో ఆగిపోయిన రోజులున్నాయి.

ఒకసారి అంకుల్ నన్ను పిలిచి, "మీ అత్తగారిని అడుగు. మా ఆవిడ ఏం చెబుతోందో ఆవిడకు తెలుస్తుందా?" అన్నాడు.

అడిగాను. అత్తయ్య ఈనె తీయడం ఆపలేదు. "నాకేం తెలుసు అమ్మాయ్. వదిన భాష నాకు రాదు, నా భాష వదినకు రాదు. నా గోడు నేను చెప్పుకుంటున్నా, తన గోడు తను చెప్పుకుంటంది. అన్నయ్యగారు మాత్రం ఎంతసేపూ ఊ అంటాడు గానీ తన గోడు ఒక్కటన్నా చెప్పడు. అట్టా కూర్చుంటే ఎవరికైనా పరాయి ఇంట్లో ఉన్నట్టే ఉంటది. చెప్పు ఆయనకి."

ఈ మాటల్ని ఇంగ్లీషులో పెట్టి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అంకుల్ అత్తయ్య చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు సాయంత్రం నేను తీగ మీది బట్టలు తీస్తుంటే ఆంటీ గేటు దగ్గరికి వచ్చి తన మాట తను అడిగింది. ఈసారి "అలాగే లవ్" వినబడలేదు. అంకుల్ ఆవిడ చేతిసంచి తను పట్టుకుని, వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇటాలియన్ ఎప్పుడు నేర్చాడబ్బా అనుకున్నాను. అది ఇటాలియన్ కాదు. గొంతు లోతులోంచి వచ్చే, నేనెన్నడూ వినని భాష. ఆగుతూ, తడుముకుంటూ, ఒక్కో పదం బయటికి లాగుతున్నాడు. ఆంటీ పూర్తిగా ఆయన వైపు తిరిగింది. కాసేపు విని తన భాషలో ఏదో అంది. ఆయన ఆ ఐరిష్‌లోనే జవాబిచ్చాడు. బట్టలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఒక్క రోజుతో మనిషి మారిపోలేదు. ఆంటీ ఇంకా కొన్ని సాయంత్రాలు సంచి పట్టుకుని గేటు దాకా వచ్చేది. కానీ ఆయన మాట మొదలెడితే వెనక్కి తిరిగి వచ్చి కూర్చునేది. రోజురోజుకూ ఆయన భాష సాఫీ అయింది. అంత నవ్వుతాడని, చేతులు తిప్పుతాడని మాకు తెలియదు. నాతో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు పొదుపుగా, ముక్తసరిగా ఉండే మనిషి, ఆవిడ పక్కన ధారగా మాట్లాడేవాడు. ఏం చెబుతున్నారని అడిగితే, "మా అమ్మ వంటిల్లు. మా గాడిద. నన్ను ఓడెక్కించిన రోజు. అన్నేళ్ళూ ఆమెకు నా ఇంగ్లీషే తెలుసు. ఇంగ్లీషులో నేను పట్టాలు వేసేవాణ్ణి. అంతకుముందు కూడా ఒక మనిషినున్నాను, ఇప్పుడు పరిచయం చేసుకుంటున్నాను" అన్నాడు. అత్తయ్య కూడా వెళ్ళి కూర్చుంటే వరండాలో మూడు భాషలు ఒకేసారి నడిచేవి. ఎవరికీ ఎవరిదీ అర్థం కాదు, ఎవరూ ఆగరు.

అది చూసి కూతురు సంతోషిస్తుందనుకున్నాను. వచ్చింది, మెట్ల కింద నిలబడి విన్నది. "ఏమిటది, డాడ్?" అంది. చెప్పాడు. తండ్రికి ఇంకో భాష ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆమె ముఖం ఎర్రబడింది. "నీ దగ్గరొకటి, అమ్మ దగ్గరొకటి. నాకు ఒక్కటీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళిపోయి తలుపు వేసుకున్నారు" అంది. అంకుల్ ఇంగ్లీషులో, నీకోసమేనమ్మా అప్పుడలా చేశాం, అన్నాడు. నిజమే కదా. ఆ నిజం విని ఆమె ఇంకా ఏడ్చింది.

ఆ వేసవిలో అంజూరాలు బాగా కాశాయి. వల కట్టమని అడిగేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేక ఆయన కట్టలేదు. పిట్టలు చెట్టంతా ఖాళీ చేశాయి. గడువు అయిపోయినా సంరక్షణ గృహం మాట కూతురు ఎత్తలేదు. ఆంటీ గేటు దగ్గరికి రావడం మానేసింది. ఇంటి కోసం అడగడం కూడా మానేసింది. అంకుల్ గెలిచాడని మేమంతా అనుకున్నాం. అప్పటికి ఆవిడకు నడిచే ఓపిక పోయింది.

ఆకులు రాలే కాలం మొదట్లో, ఒక పొద్దున ఎండలో, ఆ బల్ల మీదే ఆవిడ పోయింది. చివరి మూడు రోజులూ ఏదో చెబుతూనే ఉందట. ఆయన కూడా చెబుతూనే ఉన్నాడు. కూతురు వచ్చేసరికి అయిపోయింది.

ఆవిడ శవపేటికను ఒక పూట ఇంట్లో ఉంచారు. ఇటాలియన్ ఆడవాళ్ళు జపమాలలు పట్టుకుని ఒక వైపు, ఐరిష్ వాళ్ళు టీ కప్పులు పట్టుకుని ఒక వైపు. అంకుల్ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని ఐరిష్‌లో మాట్లాడుతున్నాడు, ముందురోజు ఆగిన కబురు ఇవాళ అందుకున్నట్టు. అత్తయ్య వెళ్ళి ఆంటీ చేతిని తాకి, "ఏం వదినా, చెప్పకుండా పోయావు" అంది. నేను బయటికి వస్తూ అలవాటు కొద్దీ వెళ్ళొస్తామని చెప్పబోతే అత్తయ్య నా చేయి లాగింది. చావింట్లో ఆ మాట అనకూడదు. ఏమీ చెప్పకుండా వచ్చేశాం.

ఆ రోజు తర్వాత అంకుల్ ఇంగ్లీషు మాట్లాడలేదు. కూతురు అడిగినా, చర్చి ఫాదరు అడిగినా, నేను అడిగినా జవాబు ఐరిష్‌లోనే. లేదంటే మౌనం. పగలంతా ఆ బల్ల మీద కూర్చుని పక్కనున్న ఖాళీతో మాట్లాడుతుండేవాడు. ఈయనకూ అదే జబ్బు మొదలైందన్నారు. కూతురికి ఇంకో దారి లేకపోయింది. తల్లి కోసం చూసిన ఇంట్లోనే తండ్రిని చేర్చింది. ఊళ్ళో ఇంటికి తాళం వేసింది, అమ్మడానికి మనసొప్పలేదు.

మాకూ గడువు తీరింది, పర్మనెంట్ వీసా వచ్చింది, బ్లాక్‌టౌన్ పక్క కొత్త కాలనీలోకి మారాం. వేసవి మొదలయ్యాక ఒక ఆదివారం అత్తయ్యను తీసుకుని ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. శుభ్రమైన గది, కిటికీ బయట కారు పార్కింగు. అత్తయ్య గుమ్మంలోంచే, "అన్నయ్యగారూ, చిక్కిపోయారు. ఇక్కడ తిండి ఎట్టా ఉంది?" అంది. ఆయన ముఖం వెలిగింది. ఐరిష్‌లో చాలాసేపు చెప్పాడు. ఆవిడ సొరపాదు కొత్త ఇంట్లో ఎక్కిరావడం లేదని చెప్పింది. కాసేపటికి అత్తయ్య మంచినీళ్ళు తెస్తానని నర్సు వెంట వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే ఆయన నా వైపు తిరిగి, మెల్లగా, చక్కని ఇంగ్లీషులో, "మీ అత్తగారికి షుగర్ అన్నారు, తగ్గిందా?" అని అడిగాడు.

నేను కుర్చీలో ముందుకు వంగాను. "అంకుల్, మీకు బాగానే ఉంది కదా. మరి ఎందుకు?"

"అందరూ నాతో ఇంగ్లీషులో ఆ మాట అంటున్నారు. ఫాదరు అన్నాడు, డాక్టరు అన్నాడు, మా అమ్మాయి వచ్చినప్పుడల్లా అంటుంది. ఇంగ్లీషులో నోరు తెరిస్తే నేనూ అనాలి, ఆమె పోయిందని. ఐరిష్‌లో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. అందులో ఆమె ఇంకా బల్ల మీదే ఉంది." తలుపు వైపు చూసి, "మా అమ్మాయికి చెప్పకు" అన్నాడు.

నేను ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను.

బయటికి వస్తే నడవాలో కూతురు ఎదురైంది. ప్రతి ఆదివారం వస్తుందట. కళ్ళ కింద నల్లగా ఉంది. "మీతో ఏమన్నా మాట్లాడాడా?" అంది. ఆమె గోడకు ఆనుకుంది. "అమ్మ చివరి మాటలు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు డాడ్‌వీ కాలేదు. ఇద్దరికీ నేనొక్కదాన్నే, ఇద్దరూ నాకు లేకుండా పోయారు."

ఆయన వద్దన్నది చెప్పలేను. చెప్పకుండా ఆమెను అలా వదిలి వెళ్ళలేను. చివరికి, "ఒక్క పని చేస్తావా? మీ అమ్మ పోయిందని మాత్రం అనకుండా, ఇంకేదైనా మాట్లాడు. ఇంగ్లీషులోనే" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి లోపలికి వెళ్ళింది. అత్తయ్య నీళ్ళ గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చింది. తలుపు తెరిచే ఉంది. కూతురు మంచం అంచున కూర్చుని సంచి పక్కన పెట్టింది. తర్వాత, "డాడ్, నిన్న మన ఇల్లు చూసొచ్చాను. అంజూరాలు పండుతున్నాయి. వల కట్టమంటోంది అమ్మ" అంది.

అంకుల్ కిటికీ నుంచి తల తిప్పి కూతురి వైపు చూశాడు.

"రేపు కడతానని చెప్పు" అన్నాడు, ఇంగ్లీషులో.

కూతురు ఆయన ఒళ్ళో తల పెట్టేసుకుంది. అత్తయ్య నా మోచేయి పట్టుకుని, "ఏవన్నాడు అమ్మాయ్ అన్నయ్యగారు?" అంది. చెప్పాను. ఆవిడ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. ఇంటికి వచ్చేదాకా దారిపొడుగునా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.